రెండు ఇటుకలు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. రాత చిన్నవాడిది, దిద్దుబాట్లు పెద్దదానివి. ప్రశ్న మాత్రం ఇద్దరిదీ ఒకటే: "పిన్ని పగలంతా ఆఫీసుకు వెళ్తుంది, రాత్రి పదకొండు దాకా సంచులు కుడుతుంది. సంచులు కుట్టడమే ఇష్టం అంటుంది కదా, మరి ఆఫీసు ఎందుకు మానెయ్యదు?" ఆమెనే అడిగితే నవ్వి ఊరుకుందట. నవ్విందంటే తనకూ ఇంకా తేలలేదన్నమాట.

దీనికి లెక్కల మాస్టారిలా జవాబు చెప్పడం నాకు రాదు. మల్లెతీగ సంగతి చెబుతాను, వినండి.

మల్లెకు నేలంటు కట్టడం ఎప్పుడైనా చూశారా? ఒక కొమ్మను కొయ్యకుండానే కిందికి వంచుతారు. కణుపు దగ్గర చిన్న గాటు పెట్టి, ఆ భాగాన్ని మట్టిలో పూడ్చి, పైకి లేవకుండా ఒక ఇటుక పెడతారు. కొస మాత్రం బయట తలెత్తుకుని ఉంటుంది. తల్లి వేళ్ళు తాగిన నీళ్ళే దీనికీ వస్తుంటాయి. లోపల చీకట్లో, ఆ గాటు దగ్గర, మెల్లగా సొంత వేళ్ళు పుడతాయి. అవి గట్టిపడ్డాక తల్లికీ దానికీ మధ్య కోస్తారు. అక్కణ్ణుంచి అది వేరే మొక్క.

పిన్ని జీతం తల్లితీగ. సంచుల పని ఆ వంచిన కొమ్మ.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, కొమ్మ పచ్చగా ఉంది, నాలుగు మొగ్గలు కూడా వేసింది అని కోసేస్తారు. ఆ పచ్చదనం ఎవరిది? తల్లిది. ఒక నెల సంచులు బాగా అమ్ముడుపోయాయనుకోండి. ఆ నెల ఇంటద్దె కట్టింది జీతం. కరెంటు బిల్లు కట్టింది జీతం. జ్వరమొచ్చి పడుకున్న రెండు రోజులకూ డబ్బులిచ్చింది జీతమే. ఆస్పత్రి బీమా ఆఫీసుదే. ఎవరైనా మరీ తగ్గించి బేరమాడితే "కుదరదండీ" అనే ధైర్యం ఇచ్చేది కూడా, నన్నడిగితే, ఆ జీతమే. సంచుల మీద వచ్చిన డబ్బులోంచి గుడ్డ, దారం, జిప్పులు, పన్ను తీసేశాక మిగిలింది వీటన్నిటినీ మోస్తుందా? మోస్తే వేళ్ళు ఉన్నట్టు. ఆకుల్ని చూసి వేళ్ళను లెక్కకట్టకూడదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మ ఇలాగే ఒక అంటు కట్టింది. వేళ్ళొచ్చాయా లేదా అని నాకు ఒకటే ఆత్రం. బడి నుంచి రాగానే పుస్తకాలు పడేసి, ఇటుక ఎత్తి, వేలితో మట్టి కెలికి చూసేవాణ్ణి. నాలుగో వారమో ఐదో వారమో, తెల్లగా దారప్పోగుల్లా రెండు కనిపించాయి. సంతోషం పట్టలేక కాస్త బయటికి లాగాను. పుటుక్కున తెగిపోయాయి. చప్పుడు చెయ్యకుండా మళ్ళీ పూడ్చేసి ఇటుక పెట్టేశాను. ఆ కొమ్మ ఎండిపోయింది. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఇంకో కొమ్మ వంచి, ఈసారి రెండు ఇటుకలు పెట్టింది.

పెద్దయ్యాక కూడా ఆ తొందర పోలేదు. ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు గోడగడియారాలు బాగుచేసేవాణ్ణి. ఒక కొట్టువాళ్ళు తమ దగ్గరికొచ్చే రిపేర్లన్నీ నాకే పంపుతామన్నారు. రెండు నెలలు పంపారు కూడా. ఇంకేం, రాజీనామా రాసిచ్చేశాను. మూడో నెలలో వాళ్ళు కొట్లోనే ఒక మనిషిని పెట్టుకున్నారు. వాళ్ళను తప్పుపట్టను. పదింట తొమ్మిది గడియారాలు ఒకే గుమ్మం నుంచి వస్తుంటే నేను ఏం స్వతంత్రుణ్ణి? ఒక యజమానిని వదిలి, సెలవు కూడా ఇవ్వని ఇంకో యజమానిని పట్టుకున్నాను. ఐదు నెలలకు మళ్ళీ ఉద్యోగం వెతుక్కున్నాను. (కోసిన కొమ్మ మళ్ళీ తల్లికి అతుక్కోదు, మనిషికి ఆ వీలుంది. నా పోలిక ఇక్కడ కాస్త కుంటింది, పోనివ్వండి.)

చిన్నవాడు అడిగి అడిగి కొనిపించుకున్న నైకీ బూట్ల కథ కూడా ఇదే. ఫిల్ నైట్ అనే ఆయన తన కోచ్‌తో కలిసి 1964లో బూట్ల వ్యాపారం మొదలుపెట్టాడు. జపాన్ నుంచి తెప్పించిన జతలు కారు డిక్కీలో వేసుకుని, పరుగుపందేలు జరిగేచోటికి పోయి అమ్మేవాడు. పొట్ట గడిచింది మాత్రం అకౌంటెంటు ఉద్యోగంతో, తర్వాత కాలేజీలో పాఠాలు చెప్పడంతో. పూర్తిగా బూట్లలోకి దిగింది 1969లో. అప్పటికి ఇంకా నైకీ అనే పేరే లేదు, అది 1971లో వచ్చింది. ఐదేళ్ళు ఇటుక కింద!

అలాగని ఎప్పటికీ కొయ్యకుండా ఉంచితే? అదీ తప్పే. పిన్నికి వారానికి ఉన్నవి ఏడు రాత్రులే. మొన్న ముగ్గురికి "ఇప్పుడు చెయ్యలేనండీ" అని చెప్పి పంపిందట. పని ఉండి, చేసే చెయ్యి ఉండి, పొద్దు లేక వెనక్కి పంపడం మొదలైందంటే ఆ కొమ్మ చోటు అడుగుతోందని అర్థం.

తెలిసిన తోటమాలి ఒక్క వేటుతో కొయ్యడు. తల్లివైపు కాడను సగం దాకా కోసి కొన్నాళ్ళు వదిలేస్తాడు. ఆకులు వాడితే ఇంకా ఆగాలి. వాడకపోతే మిగతా సగం. పిన్ని ఇప్పుడు ఆ సగం కోతలోనే ఉంది, మీకు చెప్పి ఉండదు. పోయిన నెల నుంచి జీతాన్ని ముట్టుకోకుండా బ్యాంకులో ఉంచి, సంచుల డబ్బుతోనే ఇల్లు నడుపుతోంది. ఆరు నెలలు చూస్తానంది. అందులో బేరాల్లేని నెల కూడా ఒకటి రావాలని నా కోరిక. అది దాటితేనే నాకు నమ్మకం. ఈలోపు ఆరు జీతాలు పక్కన పోగుపడతాయి, అదీ మంచిదే.

మీరో పని చెయ్యండి. మిషను సొరుగులో ఆమె పొడుగాటి నోటుబుక్కు ఉంటుంది, అడిగి తీసుకోండి. ఎడమవైపు అడిగినవాళ్ళ పేర్లు, కుడివైపు డబ్బు చేతికొచ్చిన తేదీ. "అబ్బ, ఎంత బావుందో" అని మెచ్చుకుని వెళ్ళిపోయినవాళ్ళంతా ఎడమవైపే ఆగిపోయి ఉంటారు. కుడివైపు తేదీ పడి, మళ్ళీ ఇంకోసారి వచ్చిన పేరు దొరికితే దాని కింద పెన్సిలుతో సన్నగా గీత గీయండి. చుట్టాల్ని వదిలెయ్యండి. ఎన్ని గీతలొచ్చాయో నాకు రాయండి.

మల్లె కుండీ ఉంది కదా, ఒక కొమ్మ వంచి అంటు కూడా కట్టండి. పుట్టినప్పటి నుంచీ ఆకులే వేసిన కణుపు, మట్టి కప్పి చీకటి చేస్తే వేరు వేస్తుంది! ఇన్నేళ్ళొచ్చినా నాకు ఆ వింత తీరలేదు. చిన్నవాడి సంగతి నాకు తెలుసు, రెండు ఇటుకలు పెట్టండి.

మీ తాతయ్య