ఇన్‌ఫ్లమేషన్, ఆహారం, అలవాట్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇన్‌ఫ్లమేషన్ (శరీరంలో కలిగే వాపు, మంట) అంటేనే జబ్బు, దాన్ని పూర్తిగా అణచివేయాలి.

వాస్తవం: వేలు తెగినప్పుడు ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బి, నొప్పి పెట్టడం రోగనిరోధక వ్యవస్థ తన పని తాను చేస్తోందనడానికి గుర్తు. అది లేకపోతే గాయం మానదు. చిక్కంతా పైకి ఏ లక్షణమూ కనిపించకుండా, తక్కువ స్థాయిలో ఏళ్ల తరబడి కొనసాగే ఇన్‌ఫ్లమేషన్‌తోనే. గుండె జబ్బులకూ టైప్ 2 మధుమేహానికీ దానితో సంబంధం ఉంది. ఆహారం, అలవాట్ల ప్రభావం ముఖ్యంగా దీని మీదే.

అపోహ: ఫలానా పదార్థం మానేస్తే ఇన్‌ఫ్లమేషన్ తగ్గిపోతుంది.

వాస్తవం: "ఏది మానెయ్యాలి డాక్టరుగారూ?" అని అడిగినవారికి జవాబు చెప్పే ముందు నేను టేపు తీసి నడుము కొలుస్తాను. పొట్ట లోపల అవయవాల చుట్టూ పేరుకునే కొవ్వు ఊరికే నిల్వ ఉండే సరుకు కాదు. కొవ్వు కణాలు ఉబ్బేకొద్దీ వాటి మధ్యకు మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు వచ్చి చేరతాయి, అక్కడి నుంచి టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయనాలు విడుదలవుతాయి. ఇంటర్‌ల్యూకిన్-6 ప్రేరణతో కాలేయం సీ-రియాక్టివ్ ప్రొటీన్‌ను, అంటే రక్తపరీక్షలో కనిపించే సీఆర్‌పీని, ఎక్కువగా తయారుచేస్తుంది. అందుకే అధిక బరువున్నవారిలో, ఏ ఆహార పద్ధతి పాటించినా సరే, బరువు చెప్పుకోదగినంత తగ్గితే సీఆర్‌పీ కూడా సాధారణంగా తగ్గుతుంది. ఆ ఘనత మాత్రం మానేసిన పదార్థం ఖాతాలోకి వెళ్లిపోతుంది!

ఒమేగా-6 అనే రకం కొవ్వు ఆమ్లాలు ఉన్న వంటనూనెల మీద పడ్డ నింద కూడా ఇలాంటిదే. వాటిలోని లినోలిక్ ఆమ్లం శరీరంలో అరాకిడోనిక్ ఆమ్లంగా మారుతుందనీ, దాని నుంచి ఇన్‌ఫ్లమేషన్ రసాయనాలు పుడతాయనీ చేసే వాదన కాగితం మీద బాగానే ఉంటుంది కానీ, ఆ మార్పు జరిగేది చాలా స్వల్పంగా. మనుషులపై జరిగిన నియంత్రిత పరీక్షల్లో సీఆర్‌పీ వంటి ఇన్‌ఫ్లమేషన్ సూచికలు పెరిగిన దాఖలా లేదు. నూనెను గట్టిపరిచేటప్పుడు పుట్టే ట్రాన్స్ కొవ్వుల సంగతి వేరు, వాటిని మానాల్సిందే. ఇక మానడం కన్నా చేర్చుకోవడం మీద దృష్టి పెట్టదగినది పీచు: పేగుల్లోని బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి తయారుచేసే బ్యూటిరేట్ అనే కొవ్వు ఆమ్లం, ఇన్‌ఫ్లమేషన్ రేపే పదార్థాలు రక్తంలోకి చొరబడకుండా పేగు గోడను పటిష్ఠంగా ఉంచుతుంది.

అపోహ: పసుపులో ఉండే కర్‌క్యుమిన్ మాత్రలు వేసుకుంటే చాలు.

వాస్తవం: ప్రయోగశాలలో కణాల మీద బాగా పనిచేసే కర్‌క్యుమిన్, మింగినప్పుడు రక్తంలోకి చేరేది చాలా తక్కువ. శోషణ పెంచడానికి మిరియాల్లో ఉండే పైపరిన్ కలిపిన మాత్రలు వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు నమోదయ్యాయి.

అపోహ: వ్యాయామం ఇన్‌ఫ్లమేషన్‌ను పెంచుతుంది.

వాస్తవం: కాసేపు పెంచుతుంది, నిజమే. అయితే పనిచేసే కండరం విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-6, కొవ్వు నుంచి వచ్చే అణువే అయినప్పటికీ, ఇన్‌ఫ్లమేషన్‌ను అదుపు చేసే ఇంటర్‌ల్యూకిన్-10ను వెంట తెస్తుంది. క్రమం తప్పకుండా నడిచేవారిలో సీఆర్‌పీ తక్కువగానే ఉంటుంది. పొగ తాగడం, చాలీచాలని నిద్ర మాత్రం నిస్సందేహంగా చేటు చేస్తాయి.

అపోహ: సీఆర్‌పీ ఎక్కువ వచ్చిందంటే ఆహారం సరిగా లేనట్టే.

వాస్తవం: తక్కువ స్థాయినీ పట్టగలిగే హై-సెన్సిటివిటీ సీఆర్‌పీ పరీక్షలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే గుండె జబ్బు ముప్పు తక్కువగానూ, 3 దాటితే ఎక్కువగానూ లెక్కిస్తాం. 10 దాటిందంటే మాత్రం నేను ముందు అడిగేది ఇటీవలి జ్వరం, జలుబు, చిగుళ్ల వాపు గురించే. అవి తగ్గిన రెండు మూడు వారాలకు మళ్లీ పరీక్ష చేయించి, ఆ అంకెను బట్టే ఆహారం సంగతి మాట్లాడతాను.