వార్‌హామర్ 40,000 నవలలు: అపోహలు - వాస్తవాలు

ఎనిమిదేళ్లుగా హైదరాబాద్‌లో సైన్స్ ఫిక్షన్ చదివేవాళ్ల చిన్న బృందం ఒకటి నడుపుతున్నాను. నెలకో ఆదివారం కలుస్తాం, చదివినదాని గురించి మాట్లాడుకుంటాం. కొత్తగా వచ్చినవాళ్లకి ఏ పుస్తకం ఇస్తే చదువుతారో చూసుకోవడం నా బాధ్యత. నన్ను అన్నిటికంటే ఎక్కువగా ప్రశ్నలు అడిగేది వార్‌హామర్ 40,000 నవలల గురించే, అన్నిటికంటే ఎక్కువ మంది చదవకుండానే పక్కన పెట్టేసేదీ వాటినే. బల్ల మీద బొమ్మలతో ఆడే ఒక యుద్ధపు ఆట కోసం అల్లిన ప్రపంచంలో జరిగే కథలివి. నాకు ప్రాణమైన పుస్తకాలు కొన్ని వీటిలో ఉన్నాయి కాబట్టి, మా గదిలో తరచూ వినిపించే అపోహల్ని ఒకచోట రాస్తున్నాను.

ముందు ఆ ప్రపంచం గురించి నాలుగు మాటలు. ఇప్పటికి దాదాపు ముప్పై ఎనిమిది వేల ఏళ్ల తర్వాతి కాలం. మనుషులు పది లక్షల గ్రహాల మీద బతుకుతుంటారు. వాళ్ల చక్రవర్తి పదివేల ఏళ్లుగా బంగారు సింహాసనం అనే ఒక యంత్రంలో, చావుకీ బతుక్కీ మధ్య కూర్చుని ఉంటాడు. ఆయన్ని అలా నిలిపి ఉంచడానికి, ఓడలకు దారి చూపే వెలుగు ఆరిపోకుండా ఉండడానికి రోజుకు వెయ్యి మందిని బలి ఇస్తారు. ఆ సామ్రాజ్యంలో పుట్టినవాడికి ఇది ఘోరం అనిపించదు. రోజూ పొద్దు పొడిచినంత మామూలు సంగతి. చీకటి అంటే అది.

అపోహ: ఆట ఆడినవాళ్లకే అర్థమవుతాయి

బీటెక్ మూడో ఏడు చదివే కుర్రాడు ఒకడు మొదటిసారి వచ్చినప్పుడు పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి అడిగాడు: "అన్నా, ఇది చదవాలంటే ముందు ఆ బొమ్మలు కొనాలా? అవి చాలా రేటంట కదా!"

అక్కర్లేదు తమ్ముడూ. ఆట పుట్టింది 1987లో. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ కేంద్రంగా పనిచేసే గేమ్స్ వర్క్‌షాప్ దాన్ని తెచ్చింది, రూపకర్త రిక్ ప్రీస్ట్‌లీ. బల్ల మీద చిన్న చిన్న సైనికుల బొమ్మలు పేర్చి, టేపుతో దూరం కొలిచి, పాచికలు వేసి ఆడతారు. నవలల్లో పాచికలూ ఉండవు, పాయింట్లూ ఉండవు. నేను పన్నెండేళ్లుగా ఈ పుస్తకాలు చదువుతున్నాను, ఆట ఒక్కసారి కూడా ఆడలేదు. మా బృందంలో ఆడేవాళ్లు ఇద్దరే. 2024లో స్పేస్ మెరైన్ 2 వీడియో గేమ్ వచ్చాక దాని వల్ల కొత్తవాళ్లు కొందరు వచ్చారు. వాళ్లూ పుస్తకం దగ్గర మిగతావాళ్లలాగే మొదటి పేజీ నుంచి మొదలుపెట్టారు.

అపోహ: ఇవి బొమ్మలు అమ్ముకోవడానికి రాయించిన పుస్తకాలు

ఇందులో కొంత నిజం ఉంది, దాచను. ఈ నవలల్ని ప్రచురించే బ్లాక్ లైబ్రరీ ఆ కంపెనీదే. 1997లో ఒక కథల పత్రికతో మొదలైంది. కొత్త బొమ్మల సెట్టు వచ్చినప్పుడు దానికి తగ్గట్టు ఒక నవల రావడమూ ఉంది. అలాంటివి ఇరవై పేజీల్లోనే తెలిసిపోతాయి: కథ కంటే తుపాకుల పేర్లు ఎక్కువ. అలాంటివి నేను మూసేస్తాను, మీరూ మొహమాటపడకుండా మూసేయండి.

కానీ బ్లాక్ లైబ్రరీ పుట్టకముందే, 1990లోనే, ఇయాన్ వాట్సన్ ఈ ప్రపంచంలో నవల రాశాడు. అప్పటికే ఆయన పేరున్న సైన్స్ ఫిక్షన్ రచయిత. ఇక డాన్ ఆబ్నెట్ 1999లో మొదలుపెట్టిన 'గాంట్స్ గోస్ట్స్' వరుస గురించి మా బృందంలో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి.

అందులో టానిత్ అనే గ్రహం ఉంది. అంతా అడవి. అక్కడి చెట్లు ఉన్నచోట ఉండవు, మెల్లగా కదులుతాయి. అందుకే ఆ అడవిలో పెరిగినవాళ్లకి ఎక్కడా దారి తప్పదు. కొత్తగా సైన్యంలో చేరిన కుర్రాళ్లని తీసుకెళ్లడానికి గాంట్ అనే అధికారి వస్తాడు. అదే రోజు శత్రువు ఆ గ్రహం మీద పడతాడు. నిలబడి పోరాడితే అందరూ చస్తారు. గాంట్ చేతనైనంత మందిని ఓడల్లోకి ఎక్కించి బయటపడతాడు. వెనక గ్రహం కాలిపోతుంది. అప్పటి నుంచి ఆ సైనికులు ప్రాణం నిలిపినందుకు అతనికి రుణపడి ఉంటారు, ఊరి కోసం పోరాడి చావనివ్వనందుకు అతన్ని ద్వేషిస్తారు. ఈ రెండూ ఒకే మనిషి మీద, ఒకే గుండెలో.

మా దగ్గరికి ఒక పెద్దాయన వస్తారు, రిటైరయ్యారు. ఆయన పుట్టిన ఊరు శ్రీశైలం డ్యామ్ ముంపులో పోయింది. ఆ పుస్తకం ఆయనకి ఇచ్చింది నేనే, ఈ సంగతి తెలియక. తర్వాతి నెల వచ్చి, పుస్తకం బల్ల మీద పెట్టి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "ఎండాకాలం నీళ్లు తగ్గితే మా పాత గోడల మొండాలు బయటపడతాయండీ. వెళ్లి చూసొస్తాం. పాపం, ఈ పిల్లలకి చూసిరావడానికి అది కూడా లేదు." కాసేపాగి, "మా అమ్మ బతికున్నన్నాళ్లూ కల్లో ఆ ఊరి బావి దగ్గరికే వెళ్లేది" అన్నారు. ఆ రోజు మేం ఇంకేమీ చర్చించలేదు. బొమ్మలు అమ్మడానికి రాసిన పుస్తకం కదా అని ఎవరైనా అంటే నాకు ఆయన ముఖమే గుర్తొస్తుంది.

అపోహ: ఇవి క్రూరత్వాన్ని, నియంతృత్వాన్ని పొగుడుతాయి

అన్నిటికంటే గట్టిగా జవాబు చెప్పాల్సింది దీనికే.

ఈ ప్రపంచాన్ని అల్లినవాళ్లు 1980ల బ్రిటన్‌లో రాసినవాళ్లు, వ్యంగ్య కామిక్స్ చదువుకున్నవాళ్లు. భయంతో, మూఢభక్తితో నడిచే రాజ్యం చివరికి ఎంత కుళ్లిపోతుందో పెంచి చూపించడం వాళ్ల ఉద్దేశం. 2021 నవంబరులో కంపెనీయే ఒక ప్రకటన ఇచ్చింది: కథలోని సామ్రాజ్యం ద్వేషం మీద నడుస్తుంది, మేం కాదు, అది వ్యంగ్యమే తప్ప ఆదర్శం కాదు అని. అంత బాహాటంగా చెప్పాల్సి వచ్చిందంటే, తప్పుగా చదివేవాళ్లు ఉన్నారనే కదా. ఉన్నారు. కవచాలు, జెండాలు, నినాదాలు చూసి మురిసిపోయి, రోజుకు వెయ్యి మంది బలి సంగతి మర్చిపోతారు. నాసిరకం నవలలు కొన్ని వాళ్లకి సాయపడతాయి కూడా.

మంచివి ఆ పని చెయ్యవు. ఆబ్నెట్ రాసిన 'జీనోస్' 2001లో వచ్చింది, ఐజెన్‌హార్న్ అనే విచారణాధికారి తన కథ తానే చెప్పే మూడు నవలల్లో అది మొదటిది. మొదటి అధ్యాయం జరిగేది నెలల తరబడి సూర్యుడు కనబడని గ్రహం మీద. చీకటి కాలమంతా అక్కడి డబ్బున్నవాళ్లు మంచు గదుల్లో నిద్రపోతారు. ఐజెన్‌హార్న్ తరుముతున్న ద్రోహి ఆ గదుల్లోకి దూరి నిద్ర యంత్రాల్ని చెడగొడతాడు. వేల మంది సగం మెలకువలో లేచి చచ్చిపోతుంటారు. వాళ్ల మధ్య నుంచే మన కథానాయకుడు ద్రోహి వెంట పరిగెడతాడు. గొంతు వణకదు. "నా పని నేను చేశాను" అన్నట్టే చెబుతాడు.

ఇక్కడ చదివేవాడు ఆగాలి. ఆ ప్రశాంతత చూసి మనకి భయం వెయ్యాలి. కొంత దూరం పోయాక అతన్ని చిత్రహింస పెడతారు, ముఖంలో నరాలు దెబ్బతింటాయి, ఇక ఎప్పటికీ నవ్వలేడు. మూడో పుస్తకానికి వచ్చేసరికి, ఒకప్పుడు తాను ఎవర్ని వేటాడాడో వాళ్ల పనిముట్లే అతని చేతిలో ఉంటాయి. ఏ ఒక్క మెట్టు దగ్గరా "ఇదిగో, ఇక్కడ చెడిపోయాడు" అని వేలు పెట్టి చూపించలేం. ప్రతి మెట్టుకీ సరైన కారణమే ఉంటుంది. మా బృందంలో ఈ మూడూ చదివిన ప్రతివాళ్లనీ నేను ఒకటే అడుగుతాను: నువ్వైతే ఎక్కడ ఆగేవాడివి? ఇద్దరి జవాబు ఒకేలా రాలేదు ఇప్పటిదాకా.

అపోహ: మొదటి నుంచి వరసగా చదవాలి

'హోరస్ హెరసీ' అని ఒక వరుస ఉంది. చక్రవర్తి మీద ఆయన కొడుకే తిరగబడిన కథ. 2006లో మొదలై 2019కి 54 పుస్తకాలైంది. ఆ తర్వాత తిరుగుబాటుదారులు భూమిని ముట్టడించిన కథ ఇంకో ఎనిమిది నవలలు, వాటిలో చివరిది మూడు సంపుటాలుగా వచ్చి 2024లో ముగిసింది. ఈ లెక్క వినగానే చాలామందికి టెన్షన్ వచ్చి, అసలు మొదలే పెట్టరు.

అది మొదలు కాదు. కథాకాలంలో పదివేల ఏళ్లు వెనకటిది, అంతే. పైగా ఆ నవలలు రాకముందు పదిహేనేళ్లకు పైగా ఆట పుస్తకాల్లో దాని ముగింపు అందరికీ తెలుసు. ఎవరు ద్రోహం చేస్తారో, ఎవరు చస్తారో తెలిసే చదువుతారు. మనకి ఇది కొత్తేం కాదు. అభిమన్యుడు పద్మవ్యూహంలోంచి బయటికి రాడని తెలిసీ, హరికథలో ఆ ఘట్టం వచ్చినప్పుడు జనం కదలకుండా కూర్చుంటారు. 'హెరసీ' చదవాల్సింది అలాగే. ఏమవుతుందో అని కాదు, ఎలా అంత దూరం వెళ్లారో అని. మొదటి మూడు పుస్తకాలు చదివితే ఒక ముక్క పూర్తవుతుంది. అక్కడ ఆపినా తప్పు లేదు.

కొత్తవాళ్లకి నేను ఇచ్చేది 'జీనోస్'. యుద్ధం కావాలంటే 'గాంట్స్ గోస్ట్స్'. చెడ్డవాళ్ల వైపు నుంచి చూడాలంటే ఆరన్ డెంబ్‌స్కీ-బౌడెన్ రాసిన 'నైట్ లార్డ్స్' మూడు నవలలు. అయితే ఇవి రెండో విడతలోనే ఇస్తాను, మనసు కొంచెం గట్టిపడ్డాక.

అపోహ: అన్నీ ఏడుపే, అన్నీ యుద్ధమే

శాండీ మిచెల్ రాసే కాయఫస్ కేన్ నవలలు చదవండి. లోకమంతా వీరుడనుకునే మనిషి, తాను పిరికివాణ్నని మనకి మాత్రం చెప్పుకుంటాడు. పకపకా నవ్వొస్తుంది. రాబర్ట్ రాత్ 2020లో రాసిన 'ది ఇన్ఫినిట్ అండ్ ది డివైన్'లో చావులేని ఇద్దరు లోహపు ముసలివాళ్లు ఒక వస్తువు కోసం వేల ఏళ్లు కొట్టుకుంటారు. గట్టు తగాదాలో ఊరి పెద్దలు కోర్టుల చుట్టూ తిరిగినట్టు ఉంటుంది. ఒకే నగరంలో జరిగే పోలీసు కథల వరుస కూడా ఉంది, అందులో స్పేస్ మెరైన్లు అనే కవచాల మహాసైనికులు కనబడరు.

అపోహ: ఒక పుస్తకానికీ ఇంకో పుస్తకానికీ పొంతన లేకపోతే రచయితలకి తెలియక

పొంతన కుదరనివి నిజంగానే ఉన్నాయి. గై హేలీ రాసిన 'డార్క్ ఇంపీరియం' 2017లో వచ్చినప్పుడు ఒక కాలలెక్క ఉండేది. తర్వాత కంపెనీ ఆ లెక్క మార్చుకుని, 2021లో నవలనే సవరించి మళ్లీ వేసింది. పాత కాపీ ఒకరి చేతిలో, కొత్త కాపీ ఇంకొకరి చేతిలో ఉండి మా వాళ్లిద్దరు గంటసేపు వాదించుకున్నారు. ఇద్దరూ కరెక్టే. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ముద్రణ ఏడాది చూసుకోండి.

అపోహ: ఆ ఇంగ్లిష్ మనకి కొరుకుడు పడదు

మొదటి యాభై పేజీలు కష్టమే, ఒప్పుకుంటాను. లాటిన్ లాంటి పేర్లు వరసగా వచ్చి పడతాయి. ఆ ప్రపంచంలో రెండు భాషలుంటాయి. శాసనాలకీ ప్రార్థనలకీ హై గోథిక్, మామూలు మాటలకి లో గోథిక్. హై గోథిక్‌కి లాటిన్ వేషం వేశారు. గుళ్లో మంత్రం సంస్కృతంలో విని, బయటికొచ్చి తెలుగులో మాట్లాడుకునే మనకి ఇది వేరే వివరించక్కర్లేదు. మంత్రంలో ప్రతి మాటకీ అర్థం తెలుసుకుని దణ్ణం పెట్టం కదా. 'అడెప్టస్ మెకానికస్' అంటే యంత్రాల్ని పూజించే పూజారులు అని తెలిస్తే చాలు, ముందుకు పోవచ్చు.

ఇంటర్నెట్‌లో వెతుక్కుంటూ చదవకండి. ఒక పేరు వెతికితే చివరిదాకా కథంతా తెలిసిపోతుంది. నేను కొత్తవాళ్లకి ఒక చిన్న తెల్లకాగితం ఇస్తాను, బుక్‌మార్క్‌లా. తెలియని మాట వస్తే దాని మీద రాసుకుని ముందుకు సాగమంటాను. కళ్లతో కష్టమైతే ఆడియో ఉంది. ఐజెన్‌హార్న్ నవలల్ని టోబీ లాంగ్‌వర్త్ చదివాడు, ఒక్కో పాత్రకి ఒక్కో గొంతు. బస్సులో వెళ్తూ వినొచ్చు.

ఆ బీటెక్ కుర్రాడి కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. పంతొమ్మిది మాటలు రాశాడు. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు వాటిలో పదహారు తనే కొట్టేసి ఉన్నాయి. మిగతా మూడింటి గురించి అడగడం మర్చిపోయి, రెండో పుస్తకం ఉందా అన్నా అని అడిగాడు.