పారిస్ ఒపేరా భూతం: అపోహలు, వాస్తవాలు

నేను ఫ్రెంచి సాహిత్యం బోధిస్తాను. గాస్తోన్ లెరూ రాసిన, ఒపేరా శాలలో దాగి తిరిగే భూతం కథైన ‘ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా’ నవల మొదలుపెట్టిన రోజున క్లాసులో ప్రశ్నలకు అంతుండదు. కథ జరిగే ఒపేరా శాల పాలే గార్నియే నిజంగానే పారిస్ నడిబొడ్డున ఉంది కాబట్టి, కట్టడమెంత, కల్పనెంత అన్నది చాలామందికి కలిసిపోయింది. విడదీసి చూసిన కొద్దీ నాకు లెరూ మీద గౌరవం పెరిగిందే కానీ తగ్గలేదు.

అపోహ: ఆ భవనం కింద సరస్సు ఉంది.

వాస్తవం: సరస్సు లేదు, నీళ్లున్నాయి. 1861లో పనులు మొదలయ్యాక, పునాదులు తవ్వుతుంటే ఊట ఉబికి వచ్చింది. ఆవిరి పంపులు పెట్టి నెలల తరబడి రాత్రింబవళ్లు తోడాల్సి వచ్చింది. వాస్తుశిల్పి షార్ల్ గార్నియే చివరికి నేలమాళిగల అడుగున కాంక్రీటుతో పెద్ద తొట్టి కట్టించి, దాన్ని నీళ్లతో నింపించాడు. బయటి ఊట ఒత్తిడిని లోపలి నీటి బరువు తట్టుకుంటుంది. పైన నిప్పంటుకుంటే ఆర్పడానికీ పనికొస్తుంది. గ్యాసు దీపాల కాలంలో నాటకశాలలు కాలిపోవడం అరుదేమీ కాదు. పారిస్ అగ్నిమాపక దళం ఇప్పటికీ ఆ చీకటి నీళ్లలో ఈత సాధన చేస్తుంది.

నవల చివర్లో లెరూ చెప్పే ఒక సంగతిని చాలామంది గమనించకుండా దాటేస్తారు. భూతంగా తిరిగే ఎరిక్ ఆ పునాదుల్లో కాంట్రాక్టు పట్టినవాడు. యుద్ధం వల్ల పనులు ఆగిపోయినప్పుడు, ఎవరికీ తెలియకుండా తన ఇల్లు అక్కడ కట్టుకున్నాడు. అంటే లెరూ భూతానికి కూడా మేస్త్రీ పని తెలుసు! సినిమాల్లో, నాటకాల్లో ఇది దాదాపు కనుమరుగైంది, నాకది పెద్ద లోటుగా అనిపిస్తుంది.

అపోహ: నవలలో పడినట్టే షాండిలియర్ (పైకప్పు నుంచి వేలాడే పెద్ద దీపాల గుత్తి) నిజంగానే ప్రేక్షకుల మీద పడింది.

వాస్తవం: పడింది షాండిలియర్ కాదు, దాన్ని పైన నిలబెట్టే ఎదురు బరువుల్లో ఒకటి. 1896 మే 20న ప్రదర్శన జరుగుతుండగా అది పైకప్పులోంచి దూసుకొచ్చి ఒకామె ప్రాణం తీసింది. ఆమె ఒక భవనానికి కాపలాదారు. నవలలో షాండిలియర్ పడి చనిపోయే స్త్రీ కూడా కాపలాదారే, ఒపేరాకు రావడం ఆమెకదే మొదటిసారి. లెరూ ‘ల మతాఁ’ పత్రికలో విలేకరిగా పనిచేసినవాడు. పత్రికల్లో వచ్చిన ఒక పేద స్త్రీ మరణాన్ని ఆయన ఎంత దగ్గరగా పట్టుకున్నాడో ఇక్కడ తెలుస్తుంది.

అపోహ: ఫ్రెంచి నవలల్లో ‘ఒపేరా’ అంటే ఈ భవనమే.

వాస్తవం: ఈ పొరపాటు పరీక్ష పేపర్లలో కూడా కనిపిస్తుంది. పాలే గార్నియే ప్రారంభమైంది 1875 జనవరి 5న. నవలాకారుడు బాల్జాక్ 1850లోనే చనిపోయాడు. ఆయన పాత్రలు ముసుగులు వేసుకుని తిరిగిన ఒపేరా, డ్యూమా నవల ‘కౌంట్ ఆఫ్ మాంటెక్రిస్టో’లో పారిస్ పెద్దలు బాక్సుల్లోంచి (చిన్న గదుల్లాంటి ప్రత్యేక సీట్లలోంచి) ఒకరినొకరు చూసుకున్న ఒపేరా ల పెల్తియే వీధిలోని పాత శాల.

ఆ శాల పుట్టుకా నెత్తుటితోనే. 1820 ఫిబ్రవరిలో రాజవంశీకుడైన బెరీ డ్యూక్‌ను అంతకుముందున్న ఒపేరా బయట పొడిచి చంపారు. ఆ భవనాన్ని కూల్చేసి, తాత్కాలికమనుకుంటూ ల పెల్తియేలో కొత్తది కట్టి 1821లో తెరిచారు. 1858 జనవరి 14న దాని ముందే మూడో నెపోలియన్ మీద బాంబులు వేశారు. చక్రవర్తి బతికాడు కానీ, చక్రవర్తి రాకపోకలకు భద్రమైన ద్వారం ఉన్న కొత్త ఒపేరా కట్టాలన్న నిర్ణయం అప్పుడే జరిగింది. పాత శాల 1873లో కాలిపోయింది. మూడో నెపోలియన్ కూడా అదే ఏడాది ప్రవాసంలో పోయాడు. తన కోసం కట్టిన ద్వారంలోంచి ఒక్కసారీ లోపలికి నడవలేదు. బాల్జాక్ నవల చేతపట్టుకుని పాలే గార్నియే మెట్ల మీద పాత్రలను వెతకకండి.

అపోహ: భూతం నిజంగా ఉందని రచయితే రాశాడు కదా!

వాస్తవం: రాశాడు, నవల మొదటి వాక్యమే అది. 1909 సెప్టెంబరు నుంచి ‘ల గోల్వా’ పత్రికలో ధారావాహికగా వచ్చిన కథ కాబట్టి, పక్క కాలమ్‌లోని వార్తలాగే కనిపించాలన్నది ఆయన ఎత్తుగడ. గ్రామఫోను రికార్డులు పాతిపెట్టడానికి తవ్వుతుంటే అస్థిపంజరం దొరికిందన్నాడు. అస్థిపంజరం కల్పితం, రికార్డులు నిజం. 1907 డిసెంబరు 24న కరూసో, మెల్బా లాంటి గాయకుల రికార్డులను నూరేళ్ల దాకా తెరవకూడదన్న షరతుతో నేలమాళిగలో భద్రపరిచారు.

చిన్నవి రెండు. ఈ నవల మీద వచ్చిన 1925 నాటి మూకీ చిత్రాన్ని పారిస్‌లో తీయలేదు, కాలిఫోర్నియా స్టూడియోలో ఒపేరా సెట్ వేశారు. షాండిలియర్ చుట్టూ కనిపించే రంగుల పైకప్పు చిత్రకారుడు షగాల్ వేసినది, 1964 నాటిది. లెరూ దాన్ని చూడలేదు.

అపోహ: సాహిత్యంలో ఈ భవనానికి భూతం కథ తప్ప మరేమీ లేదు.

వాస్తవం: నవలాకారుడు ప్రూస్త్‌ను చదవండి. ఆయన మహానవల ‘ఇన్ సెర్చ్ ఆఫ్ లాస్ట్ టైమ్’ మూడో భాగంలో ఒపేరా సాయంత్రం ఒకటుంది. కింది వరుస బాక్సుల చీకటి ఆయనకు సముద్ర గుహలా కనిపిస్తుంది, అందులో కూర్చున్న దొరసానులు జలదేవతల్లా తేలి వస్తారు. కింద నిజంగా నీళ్లున్న భవనంలో, పైన కూర్చున్న సమాజాన్నే ఆయన నీళ్లలో ముంచి చూపించాడు. ఆ పేజీలను నేను లెరూ తర్వాతే చెబుతాను.