పిల్లి దవడ మీద గట్టి బుడిపె

పిల్లి గడ్డం కింద నిమురుతుంటే వేలికి చింతగింజంత బుడిపె తగులుతుంది. కొవ్వుగడ్డయితే వేలి కింద జారిపోవాలి. ఇది ఎముకకే అంటుకుని, నొక్కినా కదలదు. పిల్లికి పట్టింపు లేదు, కళ్లు మూసుకుని గురగురమంటూనే ఉంటుంది. ఆస్టియోమా అనే ఎముక కణితి చాలాసార్లు ఇలాగే బయటపడుతుంది.

ఇది ఒంట్లో వేరే చోటికి పాకదు కాబట్టి ‘హానిలేని కణితి’ అంటారు. ఆ మాటను నేను సగమే నమ్ముతాను. దవడలో లోపలివైపు పెరిగితే నోరు మూతపడదు. కంటిగూటిలో పెరిగితే కనుగుడ్డు ముందుకు వస్తుంది.

పైగా పిల్లుల ఎముకల్లో పుట్టే కణితుల్లో ఎక్కువ క్యాన్సర్లే. చేత్తో తడిమి తేల్చే పని కాదు. ఎక్స్‌రేలో ఆస్టియోమా చిక్కటి తెలుపులో, తీర్చిదిద్దిన అంచుతో కనిపిస్తుంది. క్యాన్సరయితే ఎముక చెదలు పట్టిన దూలంలా ఉంటుంది. తలలో ఎముకల నీడలు ఒకదానిమీద ఒకటి పడతాయి గనక సీటీ స్కాన్ కూడా కావాలి. అసలు తీర్పు బయాప్సీది, అంటే కణితి ముక్క తీసి చేసే పరీక్షది. పైపైన గీరిన ముక్క మోసం చేస్తుంది, లోతుగా తీయాలి. ఆ ముక్కను రోజుల తరబడి ఆమ్లంలో నానబెట్టి, కాల్షియం కరిగాకే పలచగా కోస్తారు. రిపోర్టు ఆలస్యమయ్యేది అందుకే.

ఎముకా, మృదులాస్థీ కలిసి పెరిగే ఆస్టియోకాండ్రోమా అనే మరో కణితి కథ వేరు. కుక్కల్లో ఇది ఎదిగే వయసులో వచ్చి, ఎదుగుదలతోపాటే ఆగిపోతుంది. పిల్లుల్లో ఎదిగాక వస్తుంది. పుర్రె, పక్కటెముకలు, భుజం ఎముక, ఎక్కడెక్కడో లేస్తుంది. 1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం కనిపెట్టిన, పిల్లుల్లో రక్తక్యాన్సర్ తెచ్చే ఫెలైన్ ల్యుకీమియా వైరస్‌తో దీనికి సంబంధం ఉంది. కోసేసినా మళ్లీ రావచ్చు, క్యాన్సర్‌గా మారనూవచ్చు. అందుకే కత్తి పట్టేముందు ఆ వైరస్‌కి రక్తపరీక్ష చేయించడం మంచిది.

ఆస్టియోమా పైకి ఉబ్బి ఉంటే దాన్ని మాత్రం చెక్కేస్తే సరిపోతుంది. లోతుగా పాతుకుంటే దవడ ఎముకలోనే కొంత భాగం తీసేయాలి. ఇక్కడే పిల్లితో చిక్కు. దవడ పోయిన కుక్క త్వరగానే సర్దుకుంటుంది. పిల్లి అలా కాదు, కొన్ని ఇక ఎప్పటికీ సొంతంగా తినలేవు. తిండి మానేసిన పిల్లికి కొద్ది రోజుల్లోనే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. కాబట్టి మత్తులో ఉండగానే మెడ పక్కనుంచి అన్నవాహికలోకి సన్నటి గొట్టం వేస్తారు.

ఇంటికొచ్చాక మూలుగుతోందని జాలిపడి పారాసిటమాల్ వేయకండి. దాన్ని విరిచి బయటికి పంపే ఎంజైము పిల్లి కాలేయంలో బహు తక్కువ. ఒక్క మాత్రకే రక్తం గోధుమరంగుకు తిరిగి, ముఖం వాచి, ప్రాణం పోవచ్చు.