బొప్పాయి పాలు, ఊపిరితిత్తుల గోడలు

నకిరేకల్

పిల్లలూ,

ముదురు మేకకూర ఉడకకపోతే అమ్మ పచ్చి బొప్పాయి ముక్కలు వేస్తది గద. ఆ కాయ కోసినప్పుడు కారే తెల్లటి పాలల్ల పపైన్ అనే ఎంజైము ఉంటది. అది ప్రొటీన్ పోగులను తెంపుతది, అందుకే ముక్క మెత్తబడుతది. 1964లో శాస్త్రవేత్తలు ఇదే పపైన్‌ను ఎలుకల ఊపిరితిత్తుల్లోకి పంపి చూసిన్రు. గాలి గదుల గోడలు తెగి, చిన్న గదులన్నీ కలిసి పెద్ద బుడగలైనయి. ఏండ్ల తరబడి చుట్ట, బీడీ తాగినోళ్లల్ల వచ్చే ఎంఫిసీమా జబ్బు కూడ అసొంటిదే.

వాళ్ల లోపల పపైన్ ఎవరు పోసిన్రు? ఎవరూ పోయలె. మన తెల్ల రక్తకణాల్లోనే న్యూట్రోఫిల్ ఎలాస్టేజ్ అనే కత్తెర ఉంటది. సూక్ష్మజీవులను కోసుడు దాని పని. బయటపడితే ఎలాస్టిన్‌ను గూడ కోస్తది. ఎలాస్టిన్ అంటే గాలి గదులు రబ్బరు లెక్క సాగి మళ్ల ముడుచుకునేటట్టు చేసే పోగు. దాన్ని కాపాడేందుకు కాలేయం ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రొటీన్‌ను రక్తంలోకి పంపుతది. అది 394 అమైనో ఆమ్లాల గొలుసు. అందులో 358వది మెథియోనిన్. ఎలుకల బోనులో ఎర ఎట్లనో ఇది అట్ల. ఎలాస్టేజ్ దాన్ని కొరకంగనే బోను టక్కున పడుతది, కత్తెర అందులనే ఇరుక్కుంటది. ఒక బోను ఒక్కసారికే.

పొగ సరిగ్గా ఆ ఎరనే పాడు చేస్తది. మెథియోనిన్‌లోని గంధకానికి ఆక్సిజన్ అంటుకుంటే బోను సరిగ పడదు. అదే పొగకు తెల్లకణాలు ఇంకిన్ని వచ్చి చేరుతయి. మాక్రోఫేజ్ అనే ఇంకో రకం తెల్లకణాలు ఎంఎంపీ-12 అనే ఇంకో కత్తెర తెస్తయి, అది ఆల్ఫా-1ను గూడ కోస్తది. పుట్టుకతోనే ఆల్ఫా-1 తక్కువున్నోళ్లు ఉంటరని స్వీడన్‌లో 1963లో తేలింది. వాళ్లకు చిన్న వయసులనే, బీడీ ముట్టకున్నా, ఈ జబ్బు రావచ్చు. రక్తపరీక్షతో తెలుస్తది.

ఎలాస్టిన్ ఎక్కువగా పుట్టకముందు, చిన్నతనంల తయారైతది. తెగిన గోడను ఒళ్లు మళ్ల కట్టలేదు. బీడీ మానితే జబ్బు ముదురుడు నెమ్మదిస్తది, పోయింది మాత్రం రాదు. కట్టెల పొయ్యి పొగ గూడ ఊపిరితిత్తులను చెడగొడుతది, పొయ్యి మండేటప్పుడు చిన్నపిల్లలను ఆడ కూసోబెట్టకుండ్రి.

ఈ జబ్బుల గాలి పీల్చుడు కన్నా వదులుడు కష్టం. పోగులు తెగినంక సన్న గొట్టాలను పట్టి ఉంచేది లేక అవి మూసుకపోతయి, గాలి లోపలనే చిక్కుతది. ఇంట్ల ముసలోళ్లకు దమ్ము లేస్తుంటే ఇది నేర్పుండ్రి: రెండు లెక్కపెట్టేదాక ముక్కుతోని పీల్చి, ఈల వేసేటప్పటి లెక్క పెదవులు ముడిచి, నాలుగు లెక్కపెట్టేదాక మెల్లగ వదలాలె. బలంగ ఊదొద్దు. పెదవుల దగ్గర గాలి ఆగుడుతోని లోపల ఒత్తిడి పెరిగి గొట్టాలు తెరుచుకుని ఉంటయి.

మీ తాత