బడ్జెట్‌లో ఇల్లుంది, పడకే లేదు

రాష్ట్ర బడ్జెట్ ప్రసంగం ఏదైనా సరే, ‘ఇల్లు లేని పేదలు’ అన్న మాట లేకుండా పూర్తికాదు. ఆ మాట వెంట ఒక పెద్ద అంకె కూడా వస్తుంది. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ ఓటాన్ అకౌంట్ బడ్జెట్‌లో ఇందిరమ్మ ఇళ్లకి చూపింది రూ.7,740 కోట్లు. కానీ మొదటి విడతలో ఇల్లు రావాలంటే సొంత జాగా ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్ 25న మొదలైన ఇళ్ల పట్టాల పంపిణీలో జాగా ప్రభుత్వమే ఇచ్చింది. అక్కడ కావాల్సింది రేషన్ కార్డు. అద్దె ఇంట్లోవాళ్లు, ఇరుకు గుడిసెలోవాళ్లు ఈ లెక్కల్లోకి వస్తారు, రావాలి కూడా. ఫుట్‌పాతే ఇల్లయినవాళ్లు మాత్రం రెండు చోట్లా గడప దగ్గరే ఆగిపోతారు.

రాత్రి పదకొండు దాటాక ఏ ఊరి పెద్దాసుపత్రి గోడ వెంటైనా నడిచి చూడండి. పాత ఫ్లెక్సీ పరిచి, దాని మీద దుప్పటి. చెప్పులు పోతాయని గుడ్డలో చుట్టి తలకింద. పక్కనే మందుల చీటీ ఉన్న క్యారీబ్యాగ్. లోపల వార్డులో మనిషి ఉంటే బయట ఇలా వారాల తరబడి ఉండేవాళ్లు కొందరు. పొద్దున్నే అడ్డా మీద నిలబడాల్సిన కూలీలు, పెళ్లి వంటలు ముగించుకుని అర్ధరాత్రి తిరిగొచ్చే కేటరింగ్ కుర్రాళ్లు, కొడుకు ఇంటి నుంచి ‘వచ్చేసిన’ ముసలివాళ్లు మిగతావాళ్లు. తెల్లవారుజామున చీపుర్లు వచ్చేలోగా అందరూ లేచి పక్క సర్దేయాలి.

వీళ్లని 2011 జనగణన ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టింది. దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారు, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1.45 లక్షలు. ఒక్క రాత్రిలో, అదీ వంతెనల కింద తిరిగి, చేసిన లెక్క ఎంత పక్కాగా ఉంటుందో మనకి తెలుసు. పదేళ్లలో మొత్తం సంఖ్య తగ్గినా పట్టణాల్లో మాత్రం 7.8 లక్షల నుంచి 9.4 లక్షలకి పెరిగింది. ఊళ్లో తగ్గిన పని పట్నంలో దొరుకుతుంది, కానీ పడుకోవడానికి చోటు దొరకదు.

గుడిసెలోవాళ్ల దారీ ఫుట్‌పాత్‌వాళ్ల దారీ విడిపోయిన ఏడాది చెప్పమంటే నేను 1977 అంటాను. ఆ నవంబర్‌లో దివిసీమ ఉప్పెన వచ్చింది. రెండేళ్లకి 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ పుట్టింది, బలహీనవర్గాల ఇళ్లకి ప్రతి ఏడూ నిధులు కేటాయించడం అలవాటైంది. అదే 1977లో భిక్షాటన నిరోధక చట్టం కూడా వచ్చింది. అంటే గుడిసె ఉన్నవాడిది హౌసింగ్ శాఖ, అదీ లేనివాడిది పోలీసు శాఖ. నలభై ఏళ్ల తర్వాత, 2017 నవంబర్‌లో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సుకి ముందు హైదరాబాద్ రోడ్ల మీద భిక్షాటన నిషేధించి, దొరికినవాళ్లని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆనందాశ్రమాలకి తరలించారు.

కేంద్రం 1988-89లో ఫుట్‌పాత్ వాసుల కోసం ఒక పథకం పెట్టింది. పేరు మార్చింది, విస్తరించింది, చివరికి 2005లో ఎత్తేసింది. కొనసాగించమని రాష్ట్రాలేమీ పట్టుబట్టలేదు.

తర్వాతి కథంతా కోర్టు నడిపించిందే. విచిత్రమేమిటంటే అది మొదలైంది తిండి కేసుతో. గోదాముల్లో ధాన్యం ముక్కిపోతుంటే జనం పస్తులుండటమేంటని 2001లో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2009-10 చలికాలంలో ఢిల్లీ పూసా రోడ్డులో తాత్కాలిక షెల్టర్‌ని కూల్చేస్తే, ఆ కేసులో కోర్టు నియమించిన కమిషనర్లు లేఖ రాశారు. దాంతో లక్ష జనాభాకి ఒక షెల్టర్, ఏడాది పొడవునా ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండాలన్న ఆదేశాలు పెద్ద నగరాలన్నిటికీ వచ్చాయి. 2013లో కేంద్రం జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మొదలుపెట్టినప్పుడు అదే కొలతని లక్ష జనాభాకి వంద మందికి చోటుగా తీసుకున్నారు. నిధులున్నా జనం రోడ్డు మీదే ఉన్నారని 2016 నవంబర్‌లో కోర్టే విసుక్కుని, జస్టిస్ కైలాష్ గంభీర్ కమిటీని వేసింది.

డబ్బుండి కూడా ఎందుకు ఆగింది? మిషన్ మార్గదర్శకాలు చదివితే తెలుస్తుంది. యాభై మంది ఉండే షెల్టర్ నడపడానికి ఏడాదికి ఆరు లక్షలు, అదీ అయిదేళ్లు. నెలకి యాభై వేలు. మూడు షిఫ్టులకి ముగ్గురు కేర్‌టేకర్లు, కరెంటు, నీళ్లు, దుప్పట్లు ఉతికించడం అన్నీ అందులోనే. తలకి రోజుకి ముప్పైమూడు రూపాయలు. అయిదేళ్లు దాటితే ఆ బరువు రాష్ట్రానిది, మున్సిపాలిటీది. రిబ్బన్ కట్ చేయడానికి నాయకులు దొరుకుతారు, బిల్లు కట్టడానికి పద్దు దొరకదు. మిషన్ గడువు కూడా 2024 సెప్టెంబర్‌తో ముగిసింది.

2025 ఫిబ్రవరిలో ఈ షెల్టర్ల కేసు విచారణలోనే, ఉచితాలతో పరాన్నజీవుల వర్గాన్ని తయారుచేయడం లేదా అని జస్టిస్ గవాయి ధర్మాసనం ప్రశ్నించింది. ఆ ముప్పైమూడు రూపాయలు ఎవరి మనసులోనైనా మెదిలాయో లేదో.

కాబట్టి అడగాల్సింది రాష్ట్రాన్నే. భూమి రాష్ట్ర జాబితాలోది, పెద్దాసుపత్రులూ మున్సిపాలిటీలూ దాని చేతిలోవే. పది లక్షల జనాభా ఉన్న విజయవాడనే తీసుకుంటే, లక్షకి వంద అన్న మిషన్ కొలత ప్రకారం వెయ్యి పడకలు, ఇరవై షెల్టర్లు కావాలి. పాత రేటుకే నడిపితే ఏడాదికి కోటీ ఇరవై లక్షలు. జీతాలు సరిగ్గా ఇవ్వాలని మూడింతలు చేసినా మూడు కోట్ల అరవై లక్షలు. ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయి పోవడానికి దిక్కులేనివాళ్లకి, అద్దె కట్టలేక సామాను బయటపడినవాళ్లకి మొదటి నెలలో అందే సాయం దీనికి కలపండి. ఇవి ఏ కేంద్ర పథకం గడువుతోనూ ముడిపడకుండా, హౌసింగ్ పద్దులోనే విడిగా ఒక వరుసలో ప్రతి ఏడూ కనిపించాలి.