నినాదానికి ముందే నిర్బంధం

2025 అక్టోబర్‌లో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకి నేరుగా విమానాలు మళ్లీ మొదలయ్యాయి. అంతకు రెండు నెలల ముందే ప్రధాని మోదీ చైనాలోని తియాన్‌జిన్ వెళ్లొచ్చారు. 2026లో, చైనా కూడా ఉన్న బ్రిక్స్ కూటమి అధ్యక్ష బాధ్యత భారత్‌ది. ఆ సదస్సుకి చైనా అధినేత ఢిల్లీ వస్తే సరిహద్దు మాటేమిటి, వాణిజ్య లోటు మాటేమిటి అనే చర్చ ఎలాగూ నడుస్తుంది. ఢిల్లీ రోహిణిలోని టిబెటన్ యూత్ హాస్టల్లోనో, బెంగళూరు, చెన్నై కాలేజీల్లోనో చదువుకుంటున్న టిబెటన్ పిల్లల ప్రశ్న వేరు. ఈసారి మమ్మల్ని ఎన్నాళ్లు బయటికి రానివ్వరు? ఆ ప్రశ్న ఊరికే పుట్టింది కాదు. చైనా నేతలు వచ్చినప్పుడు పోలీసులు వీళ్లను ముందే కట్టడి చేస్తూ వచ్చారు.

దలైలామా 1959లో ఎలా వచ్చారో, శరణార్థి శిబిరాలు ఎలా వెలిశాయో తెలిసిన కథే. టిబెట్ కోసం పోరాడే సంఘాల్లో టిబెటన్ యూత్ కాంగ్రెస్ 1970లో హిమాచల్‌లోని ధర్మశాలలో, స్టూడెంట్స్ ఫర్ ఎ ఫ్రీ టిబెట్ 1994లో న్యూయార్క్‌లో పుట్టాయి. ఇవాళ్టి గొడవ అర్థం కావడానికి అంత వెనక్కి వెళ్లక్కర్లేదు. 2005 ఏప్రిల్‌లో బెంగళూరులో జరిగింది, దాని తర్వాత ఏడాదిన్నరకు ధర్మశాలలో జరిగింది, ఈ రెండూ చాలు.

చైనా ప్రధాని వెన్ జియాబావో ఆ ఏప్రిల్‌లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి వచ్చారు. భద్రత కట్టుదిట్టంగా ఉంది. అయినా ఆ సంస్థ ప్రధాన భవనం టవర్ మీద ఒక మనిషి కనిపించాడు. నుదుటికి ఎర్ర గుడ్డ, చేతిలో 'ఫ్రీ టిబెట్' బ్యానర్. కరపత్రాలు కిందికి విసురుతూ నినాదాలిచ్చాడు. పేరు టెన్జిన్ త్సుండ్యూ, కవి. హిమాచల్ రోడ్డు పనుల్లో కూలి చేసిన శరణార్థుల కొడుకు. చెన్నైలో డిగ్రీ, ముంబైలో ఎం.ఏ. చదివాడు. 2002 జనవరిలో ముంబై ఒబెరాయ్ హోటల్లో అప్పటి చైనా ప్రధాని ఝు రోంగ్జీ ఉండగా, బయట పరంజా ఎక్కి టిబెట్ జెండా ఎగరేసింది కూడా ఇతనే. రెండుసార్లూ ఎవరికీ దెబ్బ తగల్లేదు. రెండుసార్లూ పోలీసులు అరెస్టు చేశారు. అంటే అప్పటిదాకా పద్ధతి ఇదే: ముందు నిరసన, ఆ తర్వాత అరెస్టు.

2006 నవంబర్‌లో ఇది తిరగబడింది. అధ్యక్షుడు హూ జింటావో భారత్‌కు వస్తున్నారు. ఆయన తిరిగి వెళ్లేదాకా ధర్మశాల దాటకూడదని త్సుండ్యూకి పోలీసులు ఆంక్ష పెట్టారు. ఆ రోజుకి ఆయన ఏ గోడా ఎక్కలేదు, ఏ నినాదమూ ఇవ్వలేదు. చేసిన పనికి కాదు, చేస్తాడేమోనన్న అనుమానానికే కట్టడి. తర్వాత ఇరవై ఏళ్లూ జరిగింది ఇదే పద్ధతిని ఒక మనిషి నుంచి మొత్తం హాస్టళ్లకు, కాలనీలకు పాకించడం. నా దృష్టిలో మలుపు అదే.

దీనికి కాగితం మీద ఆధారం కూడా ఉంది. 2003 జూన్‌లో వాజ్‌పేయి బీజింగ్ వెళ్లినప్పుడు సంతకమైన ప్రకటనలో, టిబెట్ స్వయంప్రతిపత్తి ప్రాంతం చైనా భూభాగంలో భాగమని భారత్ గుర్తించింది. భారత గడ్డ మీద టిబెటన్లను చైనా వ్యతిరేక రాజకీయ కార్యకలాపాలు చేయనివ్వబోమని అదే వాక్యంలో మళ్లీ చెప్పింది. మొదటి సగం మీద ఎంతో చర్చ జరిగింది. విద్యార్థుల మెడకు చుట్టుకుంది రెండో సగం.

2008 మార్చి 10న ధర్మశాల నుంచి టిబెట్‌కు కాలినడకన బయల్దేరిన వంద మందిని కాంగ్రా జిల్లా దాటకుండానే అరెస్టు చేశారు. ఏప్రిల్ 17న బీజింగ్ ఒలింపిక్ జ్యోతి కోసం ఢిల్లీ నడిబొడ్డు మొత్తాన్నీ మూసేశారు. ఫుట్‌బాల్ కెప్టెన్ బైచుంగ్ భూటియా ఆ జ్యోతి పట్టుకోనని చెప్పేశాడు. ఆ ఒక్క మాట అప్పట్లో ఈ పిల్లలకు ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇక్కడే అసలు విచిత్రం. 2010 డిసెంబర్‌లో వెన్ జియాబావో మళ్లీ వచ్చినప్పుడు, ఉమ్మడి ప్రకటనలో టిబెట్ గురించిన మాటను భారత్ రాయనివ్వలేదు. జమ్మూకశ్మీర్ వాసులకు చైనా స్టేపుల్ వీసాలు (పాస్‌పోర్టు మీద ముద్ర వేయకుండా విడి కాగితంగా జతచేసేవి) ఇస్తోందన్న కోపం దానికి ఒక కారణం. మాట కాగితం మీద నుంచి పోయింది కాబట్టి కట్టడి కూడా సడలాలి. జరిగింది మాత్రం పూర్తిగా ఎదురు.

2012 మార్చిలో బ్రిక్స్ సదస్సుకి హూ జింటావో రావడానికి ముందు, మార్చి 26న జంతర్ మంతర్ నిరసనలో 27 ఏళ్ల జంఫెల్ యేషీ ఒంటికి నిప్పంటించుకున్నాడు. రెండు రోజులకు ఆస్పత్రిలో చనిపోయాడు. ఢిల్లీ పోలీసులు వందల మంది టిబెటన్లను పట్టుకెళ్లారు. ఢిల్లీలోని టిబెటన్ కాలనీ మజ్నూ కా టీలా చుట్టూ బందోబస్తు పెట్టారు, రోహిణి హాస్టల్ విద్యార్థుల్ని గేటు దాటనివ్వలేదు. ముఖాలు చూసి ఆపడంతో ఈశాన్య రాష్ట్రాల భారతీయులు కూడా రోడ్ల మీద తాము టిబెటన్లం కాదని చెప్పుకోవాల్సి వచ్చింది.

పోలీసుల వాదన కూడా చెప్పాలి. అతిథిగా వచ్చిన దేశాధినేతకు భద్రత కల్పించడం తమ విధి అంటారు. 1998లో థుప్తెన్ న్గోదుప్ అనే టిబెటన్, 2012లో యేషీ ఢిల్లీలోనే ఒంటికి నిప్పంటించుకుని చనిపోయారు కాబట్టి ప్రాణాలు కాపాడటానికే ముందు జాగ్రత్త అంటారు. ఆ భయం నిజమైనదే. కానీ చదువుకునే పిల్లలందర్నీ తాళం వేసి ఉంచడానికి ఆ భయం ఒక్కటే సరిపోదు.

2019 అక్టోబర్‌లో షీ జిన్‌పింగ్ మామల్లపురం వచ్చినప్పుడు తమిళనాడు పోలీసులు అదే చేశారు. ఆయన రాకముందే త్సుండ్యూని, చెన్నైలో చదువుతున్న టిబెటన్ విద్యార్థుల్ని అదుపులోకి తీసుకున్నారు. అక్టోబర్ 11న గిండీలో ఆయన బస చేసే హోటల్ ముందు నినాదాలిచ్చిన కొద్దిమందిని కూడా లాక్కెళ్లారు. ఆ మరుసటి ఏడాది, గల్వాన్ ఘర్షణ తర్వాత, టిబెటన్లతో ఏర్పడిన భారత దళం స్పెషల్ ఫ్రాంటియర్ ఫోర్స్‌కు చెందిన టిబెటన్ సైనికుడు నీమా టెన్జిన్ లద్దాఖ్‌లో చనిపోతే లేహ్‌లో ఆయన శవపేటికపై త్రివర్ణ పతాకంతో పాటు టిబెట్ జెండా కూడా కప్పారు. అదే జెండాను చెన్నైలో విద్యార్థి పట్టుకుంటే లాకప్పు.

వీళ్లు ఎందుకు గట్టిగా ఎదురు తిరగరు? జవాబు ఆర్‌సీలో, అంటే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఉంది. శరణార్థి టిబెటన్ ఎవరైనా విదేశీయుడిగా నమోదై, దాన్ని ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయించుకోవాలి. కాలేజీ సీటుకీ, సిమ్ కార్డుకీ, విదేశీ ప్రయాణానికి పాస్‌పోర్టు బదులు కావాల్సిన పసుపు పుస్తకానికీ (ఐడెంటిటీ సర్టిఫికెట్) అదే మూలం. ఒక్క పోలీసు కేసు పడితే ఇవన్నీ ఎక్కడ ఆగిపోతాయోనని టెన్షన్. చలికాలంలో హైదరాబాద్‌లో, విజయవాడలో స్వెటర్లు అమ్మే టిబెటన్లను మనం ఏటా చూస్తాం. ఆ సీజన్ సంపాదనతో ఫీజులు కట్టించుకునే పిల్లలు తల్లిదండ్రుల కాగితాల్ని కూడా పణంగా పెట్టి నినాదం ఇవ్వాలి.

చట్టం వైపు చూస్తే, రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చే వాక్, సభా స్వేచ్ఛలు పౌరులకే. ప్రాణ, వ్యక్తిగత స్వేచ్ఛలకూ, అరెస్టు విషయంలోనూ 21, 22 అధికరణలు ఇచ్చే రక్షణ మాత్రం ఈ గడ్డ మీద ఉన్న టిబెటన్లకూ వర్తిస్తుంది. ముందస్తు అరెస్టుకు పోలీసులు ఒకప్పుడు వాడింది పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలోని 151వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లోని 170వ సెక్షన్. దాని కింద కూడా, వేరే చట్టం అనుమతిస్తే తప్ప, 24 గంటలు మించి ఉంచడానికి వీల్లేదు. హాస్టల్ గేటు బయట పోలీసు వ్యాన్ పెట్టి లోపలివాళ్లను రానివ్వకపోతే అది అరెస్టు లెక్కలోకే రాదు, గంటల లెక్కా ఉండదు. బ్రిక్స్ తేదీలు దగ్గర పడేలోపు రోహిణి హాస్టల్ వార్డెన్ చేతికి రాతపూర్వక ఉత్తర్వు ఇస్తారా, ఇస్తే దాని కింద ఏ అధికారి సంతకం ఉంటుంది అన్నది ఢిల్లీ పోలీసులు ఇప్పుడే చెప్పాలి.